దిద్దుటయు, దిద్దించుటయు

విద్యార్థి వ్రాసిన వ్యాసమును దిద్దువారికి మన దేశమున కొదువ లేదు. వానిచేతనే దిద్దించువారు మాత్రము అరుదు. మొదటి పనికి ఎఱ్ఱసిరా చాలును. రెండవదానికి ఓర్పు కావలెను. పై తరగతిలో చదువుచు, విశ్వవిద్యాలయపు వ్యాసరచన తరగతులలో క్రిందివారికి తోడుగా కొంతకాలము పనిచేసిన మాకు ఈ రెంటికిని గల దూరము చక్కగా బోధపడినది.

మా పని ఉపాధ్యాయుని పనియు గాదు, పరీక్షకుని పనియు గాదు. మార్కులు వేయు అధికారము మాకు లేదు. విద్యార్థి తన చిత్తుప్రతిని తెచ్చి ప్రక్కన కూర్చుండును. దానిని వానిచేతనే పైకి చదివింతుము. నాలుక తడబడిన చోట వాక్యము చెడియుండుట తఱచు. గొంతులో జీవము పోయిన చోట మాట అరువు తెచ్చినదై యుండును. అప్పుడు, నీవు చెప్పదలచిన దేమని అడుగుదుము. కలమును మాత్రము మా చేతిలోనికి తీసికొనము. మేము వ్రాసి యిచ్చిన వాక్యము ఎంత సొగసైనదైనను, అది వానికి మఱియొక అరువే గదా!

సెలవులలో మా వేటపాలెమునకు వచ్చినప్పుడును ఈ పని మానలేదు. 1918లో వి.వి. శ్రేష్ఠిగారు స్థాపించిన సారస్వత నికేతనము ఇక్కడ గలదు. 1929లో మహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. పాత పత్రికల సంపుటములకు పేరుగన్న ఆ గ్రంథాలయమునందే నేతవారి యింటి బాలిక యొకతె చేనేతపై వ్రాసిన వ్యాసమును మాకు చూపెను. చేనేత మన సంస్కృతికి వెన్నెముక యని దాని మొదటి వాక్యము. అట్టి వాక్యము ఏ గైడులోనైనను దొరకును. వాన కురిసిన దినమున మీ యింట నేమి జరుగునని అడిగితిమి. మగ్గపు గుంటలో చెమ్మ యూరుననియు, వీధిలో పడుగు సాచి గంజి పట్టించుటకు వీలుపడదనియు, నేత నిలిచిన నాడు కూలి లేదనియు ఒక్క గుక్కలో చెప్పెను. అదియే వ్రాయుమంటిమి.

“ఇవన్నీ రాస్తే మార్కులు వేస్తారా?” అని ఆమె సందేహించెను.

ఆ సందేహము నిరాధారము గాదు. ఇంటిమాటలను గ్రామ్యమని కొట్టివేసిన పరీక్షకులను మేమెఱుగుదుము. ఈ తగవు నేటిదియు గాదు. మదరాసు విశ్వవిద్యాలయమువారు తెలుగు వ్యాసరచనను గూర్చి విచారించుటకు నియమించిన సంఘములో గురజాడ అప్పారావుగారు అధికసంఖ్యాకులతో ఏకీభవింపక, 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. గిడుగు రామమూర్తిగారు శిష్టవ్యావహారికము పక్షమునను, జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికము పక్షమునను నిలిచి వాదించిరి. మేమీ నాలుగు మాటలను పాత శైలిలో వ్రాయుట మా అభిరుచి. దానిని విద్యార్థిపై రుద్దుట మా మతము గాదు. ఏ శైలి యైనను, వ్రాయువాడు తానెఱిగినదానిని వ్రాయుచున్నాడా లేదా యన్నదియే మాకు ముఖ్యము.

అట్లని మార్కులు అల్పములని అనజాలము. ఇంట మొదటిసారిగా కళాశాల మెట్లెక్కిన బిడ్డకు అవి రేపటి అన్నము. కావున ఇంటిమాటను విడువవలదనియు, దాని నెఱుగని పాఠకునికి ఒక్క వాక్యములో విప్పి చెప్పుమనియు సూచించితిమి. మగ్గముపై నిడుపుగా సాగిన నూలు పడుగనియు, దాని కడ్డముగా నేయునది పేక యనియు ఆమెయే వ్రాసికొనెను. వ్రాసి, మొదటి పుటకు మరలి, వెన్నెముక వాక్యమును తన చేతులతోనే కొట్టివేసెను. ఆ గీత మేము గీచినచో దానికి విలువ యుండెడిది గాదు.

ఆ వ్యాసమునకు మార్కులు ఆమె ఆశించినన్ని రాలేదు. ఈ మాట దాచిన పాఠకులను మోసగించినట్లగును. కాని తరువాతి చిత్తుప్రతిలో అరువు వాక్యము లేదు. అంతకంటె మేలైన దేమన, తన తమ్ముని వ్యాసమును చదివి, “ఇది నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?” అని వాని నడుగుట మొదలిడెను.

నేడు యంత్రము నడిగిన నిమిషములో వ్యాసము వ్రాసి యిచ్చును. దానిలో అక్షరదోషము లుండుట అరుదు; వేటపాలెపు మగ్గపు గుంటలోని చెమ్మను చేతితో తడిమి చూచుట మాత్రము దానికి సాధ్యము గాదు. కనుక గృహస్థులకు మా విన్నపము స్వల్పము. బిడ్డ వ్రాసినదానిని దిద్దబోవుటకు ముందు ఒకసారి పైకి చదివింపుడు. ఒక్క ప్రశ్న వేయుడు. ఆ పిమ్మట కొంతసేపు ఊరకుండుడు. మాకు తెలిసినంతలో, ఆ ఊరకుండుటయే అన్నిటికంటె కష్టమైన పని.