సాక్ష్యం చెప్పిన తరువాత



ఈ పత్రికలో సాక్ష్యాలు చాలా చదివాను. జబ్బు వచ్చింది, ప్రార్థన చేశారు, బాగయింది, దేవునికి స్తోత్రం అని ముగిసే సాక్ష్యం నేనూ ఒకటి చెప్పినదాన్నే. మా విడపనకల్లు చర్చిలో, 2017 క్రిస్మస్‌కు ముందటి ఆదివారం, మైకు పట్టుకొని చెప్పాను. ఇప్పుడు వ్రాస్తున్నది ఆ సాక్ష్యం తరువాత జరిగిన సంగతి. వ్రాయడానికి ఇన్నేండ్లు పట్టింది.

నాకు పదేండ్లప్పుడు గొంతునొప్పి వచ్చింది. అది తగ్గిన రెండు మూడు వారాలకు మోకాళ్లు, చీలమండలు వాచి జ్వరం పట్టుకొంది. మా అమ్మ ఆముదం రాసి కాపడం పెట్టింది. నెల తిరిగేసరికి లేచి ఆడుకొన్నాను. ఆ జ్వరం కీళ్లను విడిచి గుండెలోని కవాటాన్ని పట్టుకొందని ఎవరికి తెలుసు? నలభై యేండ్లు గడిచాక, 2016లో మిరపకాయలు తెంపుతూ ఒక సాలు కూడ పూర్తి చేయలేక గట్టుమీద కూర్చుండిపోయాను. గుండెలో ఎవరో కోళ్లగంప బోర్లించి కోళ్లను తరుముతున్నట్టు ఉండింది.

పరీక్షలు చేసి డాక్టరుగారు చెప్పిన మాట ఇది. గుండెకు పై గదులు రెండు, క్రింది గదులు రెండు. ఎడమవైపు పై గదికీ క్రింది గదికీ నడుమ ఉండే కవాటం నాకు సన్నబడిపోయింది. రక్తం దిగక పై గది ఉబ్బింది. మామూలుగా అయితే కుడివైపు పై గదిలోని ఒక చిన్న కండ మేస్త్రీలాగ నిమిషానికి 60 నుండి 100 సార్లు సైగ చేస్తుంది, గుండె అంతా దాని ప్రకారం కొట్టుకొంటుంది. నాకు ఆ మేస్త్రీ మాట వినేవారు లేరు. పై గదులు నిమిషానికి 350 సార్లకు మించి ఊరికే అదురుతాయి, క్రింది గదులు అందులో దొరికినవాటికి తోచినట్టు కొట్టుకొంటాయి. దీనికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని పేరు. అదిరే గదిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం.

2017లో కర్నూలులో ప్రభుత్వ ఆరోగ్య పథకం క్రింద తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూను పంపి ఆ కవాటాన్ని విప్పారు. కోత లేదు. జపాను వైద్యుడు కంజి ఇనోవే 1984లో లోకానికి తెలిపిన పద్ధతి అట. నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చాను, వారం తిరిగేసరికి బిందెడు నీళ్లతో మిద్దెమెట్లు ఎక్కాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు రెండు మాటలు చెప్పారు. కవాటం విప్పినాము అన్నది మొదటిది. దడ పూర్తిగా పోదు, రక్తం గడ్డకట్టకుండా మాత్ర జీవితాంతం వేసుకోవాలి అన్నది రెండవది. నేను మొదటి మాటే విన్నాను.

ఆ మాటనే సాక్ష్యంగా చెప్పాను. ప్రభువు నా గుండెను బాగుచేశాడని చెప్పినప్పుడు సంఘమంతా చప్పట్లు కొట్టింది. మా ఆయన కండ్లు తుడుచుకొన్నాడు. ఆ రోజు భోజనం వడ్డిస్తూనే ఉన్నాను, గంపలో కోళ్లు మళ్లీ లేచాయి. ఎవరితో చెప్పను? గంట క్రితమే గదా బాగయిందని చెప్పింది!

అక్కడినుండి నా రాత్రులు పాడయ్యాయి. పగలు పని ఉంటుంది, నలుగురు ఉంటారు, తెలియదు. రాత్రి వరండాలో పడుకొంటే ఎడమ చేతి నాడి మీద కుడి చేతి వ్రేళ్లు వాటంతట అవే పోయేవి. రెండు కొట్టుకొని ఆగేది. ఇంతే, అయిపోయింది అనుకొనేదాన్ని. అంతలో గబగబ నాలుగు. దూరంగా గాలిమరల ఎర్రదీపాలు ఒక లెక్కన వెలిగి ఆరుతుంటే, ఆ ఇనుపకంబానికి ఉన్న క్రమం దేవుడు చేసిన నా గుండెకు లేదే అని ఏడ్చాను. మా ప్రక్క వజ్రకరూరు పొలాల్లో తొలకరి వాన పడితే జనం వజ్రాలు వెదకడానికి వస్తారు. ప్రతి మెరిసే రాయి వాళ్లకు వజ్రమే. నేనూ అట్లే నా ప్రతి అదురులోను మరణాన్ని వెదికి వెదికి తీసుకొన్నాను. భయపడితే గుండె ఇంకా వేగమవుతుంది. వేగమైతే ఇంకా భయం. తెల్లవారేది.

అన్నిటికన్న బాధించినది ఈ ఆలోచన: నిజమైన విశ్వాసం ఉంటే ఈ భయం ఎందుకు వస్తుంది? స్త్రీల మైత్రిలో ఇతరులకు ధైర్యవచనాలు చదివి వినిపించేదాన్ని నేనే. చదువుతున్నప్పుడు కూడ లోపల లెక్క నడుస్తూ ఉండేది.

2018 వేసవిలో వేరే ఊరిలో ఒక కూటమునకు వెళ్లాను. అక్కడ మాట్లాడిన ఒకాయన, స్వస్థత పొందినవారు ఇంకా మాత్రలు మింగడం దేవుని అనుమానించడమే అన్నాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఆయన నా చేతిలోని మాత్రలు లాక్కోలేదు, మానినదాన్ని నేనే. నా సాక్ష్యం అబద్ధం కాకూడదని, మాత్రల డబ్బా బియ్యపు డ్రమ్ము వెనుక దాచాను. మా ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు తలచుకొంటే, దేవునికంటె ఆ చప్పట్లకే ఎక్కువ భయపడ్డాననిపిస్తుంది.

పంతొమ్మిదవ రోజు ఉదయం జొన్నరొట్టె తడుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. తట్టమని అనుకొంటున్నాను, చెయ్యి పిండిమీద అట్లే పడి ఉంది. కోడలు చూసి, "ఏమైందత్తా? మాట్లాడవేంది?" అంది. జవాబు నోటివరకు వచ్చి ఏదో శబ్దమయింది గాని మాట కాలేదు. మూతి ఒక ప్రక్కకు పోయిందట. కోడలికి చదువు పదవ తరగతే, అయినా క్షణం ఆలస్యం చేయక 108కు ఫోను చేసింది. గుంతకల్లు దారిలోనే నా చెయ్యి లేచింది, మాట వచ్చింది. అనంతపురంలో స్కానింగు తీశారు. చిన్న గడ్డ పోయి తనంతట కరిగిందనీ, ఇట్లా కరగడం హెచ్చరిక మాత్రమేననీ, ఈసారి వస్తే కరగకపోవచ్చుననీ చెప్పారు. మాత్రలు వేసుకొంటున్నావా అని అడిగారు. మా ఆయన "తప్పకుండా వేసుకొంటుందయ్యా" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో ఉరవకొండ వచ్చేవరకు ఏమీ అనలేదు. అక్కడ టీ తెచ్చి ఇచ్చి, "నాకన్నా చెప్పకూడదా?" అన్నాడు. అంతే.

ఇంటికి వచ్చాక చూడవచ్చినవారు చాలామంది. అందరూ ధైర్యం చెప్పారు. పాస్టరమ్మగారు ఒక్కరే, "రాత్రిపూట నిద్ర పడుతోందా?" అని అడిగారు. ఏడాదిలో నన్ను ఆ మాట అడిగినవారు లేరు. ముందు ఏడుపు వచ్చింది, తరువాత నాడి లెక్క, ఎర్రదీపాలు, డ్రమ్ము వెనుక డబ్బా, అన్నీ వచ్చాయి. ఆమె ప్రసంగం చేయలేదు. తన మొదటి కాన్పు పోయిన తరువాత రెండేండ్లు చీకటి పడితే తనకు వణుకు పుట్టేదని చెప్పారు. ఆ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు, ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను.

మరునాడు అయ్యగారు వచ్చి బైబిలులో రెండు చోట్లు చూపించారు. హిజ్కియా రాజుకు పదిహేనేండ్ల ఆయుష్షు దేవుడే మాట ఇచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. వాగ్దానమూ ఉంది, కట్టూ ఉంది. రెండవది త్రోఫిము సంగతి. ఎందరినో స్వస్థపరచిన పౌలు, తన తోటి పనివాడైన త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివర ఒక్క వాక్యం. నేను ఆ పత్రికను ఎన్నిసార్లు చదివానో, త్రోఫిము నా కంటికి ఎన్నడూ కనబడలేదు. అతని విశ్వాసం తక్కువని పౌలు వ్రాయలేదు. 38వ కీర్తనలో దావీదు కూడ తన గుండె అదురుతున్నదనే దేవునితో మొర పెట్టుకొన్నాడు. దాచలేదు. మన మిషను పెద్దలు జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి, ఐడా స్కడ్డరమ్మ 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యశాల పెట్టింది ప్రార్థన చేతకాకనా?

భయం ఆ ఒక్క రోజుతో పోలేదు. డాక్టరుగారిని ఈసారి సిగ్గు విడిచి అడిగాను, రాత్రిపూట ఏమి చేయాలని. ఆయన నవ్వలేదు. "నాడి లెక్కపెట్టడం మానుకోమ్మా, నీ నాడి ఎప్పుడు చూసినా తప్పుగానే ఉంటాది, అది దాని నడక" అన్నారు. కూర్చున్నచోటనే ఆయాసం, కండ్లు తిరిగి పడిపోవడం, రొమ్ము నొప్పి, మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం – వీటిలో ఏదైనా వస్తే వెంటనే ఆసుపత్రి. ఇవి లేకపోతే ఆ దడను దడగానే ఉండనియ్యాలి. ఈ మాట కాగితంమీద వ్రాయించుకొని గోడకు అంటించాను. రాత్రి వ్రేళ్లు నాడిమీదికి పోతే, వాటికి వేరే పని పెట్టాను. బస్టాండు నుండి మొదలుపెట్టి వీధివెంట ఒక్కొక్క ఇంటిని తలచుకొని, ఒక్కొక్క వ్రేలు ముడిచి, ఆ ఇంటివారి కొరకు ప్రార్థిస్తాను. మాకు బాకీ ఉన్నవారి ఇల్లు ఐదవది. ఆ ఇల్లు రాకముందే నిద్రపోయిన రాత్రులు ఉన్నాయి, ప్రభువు క్షమించాలి. నిద్ర పట్టని రాత్రులు ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడు మా ఆయనను లేపుతాను. అదొక్కటి నేర్చుకొన్నాను.

మాత్రల సంగతి కొంచెం వ్రాస్తాను, మనవారికి పనికివస్తుంది. గుండె వేగం తగ్గించే డిజాక్సిన్ మాత్ర, శని ఆదివారాలు వదలి ఐదు రోజులు వేసుకోమన్నారు. దానికైనా విశ్రాంతిదినం ఉంది అని మా ఆయన ఎగతాళి. రక్తం పలుచన చేసే ఎసిట్రోమ్ మాత్రకు మాత్రం సెలవు లేదు. దానికి నెలనెల రక్తపరీక్ష చేయించుకోవాలి, నాకు ఆ అంకె రెండుకు మూడుకు నడుమ ఉండాలి. తగ్గితే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. ఒక ఏడు మా మెట్టలో వానలు బాగా పడి చేనంతా గురుగాకు, చెంచలాకు మొలిచింది. ఎండిన నేలలో బ్రతికేవాళ్లం, ఆకుకూర దొరికితే విడుస్తామా? నెలంతా అదే తిన్నాను. పరీక్షలో అంకె పడిపోయింది. ఆకుకూరల్లోని కె విటమిన్ ఆ మాత్ర పనిని తగ్గిస్తుందట. మానవద్దు, ఎప్పుడూ ఒకే పాటిగా తినమన్నారు. విడపనకల్లు ఆకాశం ఒకే పాటిగా కురిస్తే గదా! పరీక్ష అక్కరలేని క్రొత్త మాత్రలు ఉన్నాయని విని అడిగాను. నావంటి కీళ్లజ్వరపు గుండెవాళ్లు సుమారు 4,500 మందిని మన దేశంతో సహా 24 దేశాల్లో పరీక్షించి, పాతరకం మందే మేలని 2022లో తేల్చారట. కాబట్టి నెలనెల బస్సు తప్పదు. మనుమరాలికి గొంతునొప్పి, జ్వరం వస్తే మాత్రం ఆముదంతో ఊరుకోను. ఆ రోజే ఆసుపత్రికి తీసికొనిపోతాను, వ్రాసిచ్చిన మందు చివరిదాకా మింగిస్తాను. నా గుండె జబ్బు మొదలయింది అక్కడే గదా.

2019 ఈస్టరు తరువాతి ఆదివారం అయ్యగారిని అడిగి మళ్లీ మైకు పట్టుకొన్నాను. "పోయినసారి సగం చెప్పినాను. నా గుండె ఇప్పటికీ తప్పుగానే కొట్టుకొంటుంది. మాత్రలు మింగుతున్నాను. రాత్రులు భయపడతాను. ప్రభువు నన్ను విడువలేదు" అన్నాను. చప్పట్లు లేవు. వెనుక బెంచీలో చిన్నపిల్ల ఏడ్పు తప్ప శబ్దం లేదు. తప్పు చేశానేమో అనుకొన్నాను. ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన చెప్పులు వెదుకుతున్నట్టు నా దగ్గర నిలబడి, షుగరుకు సూది వేసుకోవడం ఇంట్లో దాస్తున్నానన్నాడు. ఇద్దరు తల్లులు సాయంత్రం ఇంటికి వచ్చారు. ఒకామె కొడుకుకు మూర్ఛ మాత్రలు ఆపివేసి నెల అయిందట. మరునాడే ఆ బాబును తీసికొని గుంతకల్లు వెళ్లాము.

మొన్న నెల రక్తపరీక్షకు బళ్లారి వెళ్లాను. వరుసలో నా ప్రక్కన ఒక అమ్మాయి, ఇరవై రెండు ఇరవై మూడేండ్లు ఉంటాయి, నావంటి పుస్తకమే చేతిలో ఉంది. బెలూను చేసి మూడు నెలలయిందట. ఎడమ చేతి నాడిమీద కుడి చేతి వ్రేళ్లు ఉన్నాయి. నేను చూస్తున్నానని తెలిసి గభాలున తీసేసింది. కాసేపటికి మెల్లగా, "అమ్మా, నీకు కూడా రాత్రిళ్లు భయమైతాదా?" అని అడిగింది.

"అయితాది" అన్నాను. నా సంచి తీసి క్రింద పెట్టి, బెంచీమీద ఇంకా దగ్గరగా జరిగి కూర్చొన్నాను. మా నంబర్లు రావడానికి ఇంకా గంట ఉంది.