పోటు మీద బతికే ఊరు కోరంగి

కాకినాడలో యానాం బస్సు ఎక్కి జగన్నాథపురం వంతెన దాటితే కాసేపటికే పట్నం పలచబడిపోతుంది. చొల్లంగి వచ్చేసరికి గాలికి ఉప్పు రుచి తగులుతుంది. కుడివైపు వరిచేలు, రొయ్యల చెరువులు. ఎడమవైపు మాత్రం ఎంత దూరం చూసినా ఒకే ఎత్తున పరుచుకున్న ముదురాకుపచ్చ మడ అడవి. బస్సులో కెమెరాలు పట్టుకున్నవాళ్ళంతా అభయారణ్యం గేటు దగ్గర దిగిపోయారు. చెక్క వంతెన మీద నడిచి, ఫొటోలు తీసుకుని, మధ్యాహ్నానికి వాళ్ళు వెనక్కి వెళ్ళిపోతారు. అడవికి పేరిచ్చిన ఊరిని చూసేవాళ్ళు తక్కువ. నేను ఆ ఊరి కోసమే వచ్చాను.

తాళ్ళరేవు మండలంలో కోరంగి ఒక మామూలు పల్లె. కొబ్బరిచెట్లు, పెంకుటిళ్ళ పక్కన డాబాలు, గోడల మీద ఆరేసిన వలలు. ఇళ్ళ వెనక గౌతమి నుంచి చీలిన పాయ పారుతుంది. సప్తగోదావరుల్లో ఆత్రేయ ఇదేనంటారు. పుష్యమాసం అమావాస్యనాడు చొల్లంగిలో మునిగి సప్తసాగర యాత్ర మొదలుపెట్టినవాళ్ళు ఆత్రేయ స్నానానికి ఇక్కడికి వస్తారు. నేను వెళ్ళింది కార్తీకంలో. రేవులో రెండు నావలు, బట్టలు ఉతుక్కుంటున్న ఆడవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ రేవుకి సముద్రం మీద తిరిగే ఓడలొచ్చేవి. పాత ఓడలు బాగుచేసేవారు, కొత్తవి కట్టేవారు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ బట్టల వర్తకం, యానాంలో ఫ్రెంచివాళ్ళు, జగన్నాథపురంలో డచ్చివాళ్ళు ఉండేవారు. గోదావరి తెచ్చిన ఒండ్రు ఏటేటా రేవు నోట్లో పేరుకుపోయింది. పెద్ద ఓడలు దూరంగానే ఆగిపోసాగాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల మీద సరుకు నేరుగా కాకినాడ చేరడం మొదలయ్యాక కోరంగి రేవుతో ఎవరికీ పనిలేకపోయింది.

అంతకుముందే సముద్రం రెండుసార్లు ఈ ఊరి మీద పడింది. 1789 డిసెంబరులో, సరిగ్గా పోటు వేళ, ఒకదాని వెనక ఒకటిగా మూడు ఉప్పెన కెరటాలు వచ్చాయి. మొదటిది ఓడల్ని ఎత్తి ఒడ్డున పడేస్తే చివరిది మిగిలినదంతా ఊడ్చుకుపోయిందనీ, ఇరవై వేలమంది పోయారనీ పాత రాతల్లో ఉంది. 1839 నవంబరులో మరో ఉప్పెన వచ్చింది. అందులో మూడు లక్షలమంది చనిపోయారని చాలాచోట్ల రాస్తున్నారు గానీ ఆ లెక్క నమ్మడానికి నాకు మనసొప్పదు. ఈ చిన్న నేలలో అంతమంది ఎక్కడున్నట్టు? లెక్క పెంచి చెబితేనే బాధ తెలుస్తుందనుకోవడం చచ్చిపోయినవాళ్ళకి మర్యాద కాదు.

రేవు గట్టు మీద చేపలు శుభ్రం చేస్తున్న పెద్దావిడ పక్కన కూర్చున్నాను. "మామ్మగారూ, మీవాళ్ళెవరైనా రంగం వెళ్ళారా?" అని అడిగాను.

"ఎల్లనోళ్ళెవరు బాబూ! మా తాత ఎల్లేడు. డబ్బులంపేవాడంట. యుద్ధంలో మరి ఉత్తరం రాలేదు, మనిషీ రాలేదు" అంది కత్తిపీట మీదనుంచి చెయ్యి తీయకుండానే.

ఈ తీరంలో బర్మాని రంగం అనే అంటారు. తొలినాళ్ళలో ఈ రేవు నుంచి పడవలెక్కినందుకు, ఆ తర్వాత ఏ ఊరినుంచి వెళ్ళిన తెలుగువాళ్ళనైనా అక్కడ కోరంగీలనే పిలిచారు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది, ఓడల్లో సరుకు ఎక్కించింది వాళ్ళే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టి, సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళని తీసేశారు. దాంతో గొడవలు రేగి, వీధుల్లో మనవాళ్ళని చంపారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు వేలమంది అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన బయల్దేరారు. దారిలోనే రాలిపోయినవాళ్ళెందరో. మామ్మగారి తాత వాళ్ళలో ఒకడై ఉండవచ్చు. కోరంగి పేరు ఇంకా దూరం కూడా పోయింది. ఆస్ట్రేలియా పక్కన పగడాల సముద్రంలో కోరంగి దీవులున్నాయి. 1845లో 'కోరంగి ప్యాకెట్' అనే ఓడ అక్కడ పగిలిపోయినందుకు వచ్చిన పేరు. ఇంత దూరం నడిచిన పేరుకి సొంత ఊళ్ళో ఒక్క ఫలకం కూడా నాకు కనబడలేదు. బడిపిల్లలు చదువుకునేలా రేవు దగ్గర నాలుగు మాటలు రాసిపెట్టడం ఎవరికైనా చేతనయ్యే పని.

అడవిలోకి తీసుకెళ్ళడానికి ఒప్పుకున్న పడవాయన ముందు నీటివైపు చూశాడు. "పాటు మీదుందండి. పోటెక్కాలి. ఇప్పుడెళ్తే బురదలో కూర్చుంటాం" అన్నాడు. ఇక్కడ పనులన్నీ గడియారం కన్నా నీటినే ఎక్కువ నమ్ముకుంటాయి.

పోటెక్కాక కాలువలోకి దిగాం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేర్లు. గాలి చొరబడని ఆ బురదలో చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. ఉప్పుపొన్న కొమ్మల నుంచే వేర్లు దించి నిలబడుతుంది. తిల్ల దగ్గరికొచ్చేసరికి పడవాయన నా చెయ్యి పక్కకి లాగాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది. ఒక మలుపులో నీటికుక్కలు తలలెత్తి చూసి మునిగిపోయాయి. రాత్రిళ్ళు చేపలు పట్టే బావురుపిల్లిని ఆయన ఎన్నోసార్లు చూశాడట.

కొంతదూరం పోయాక వరసగా ఒకే ఈడు చెట్లు కనిపించాయి. "ఇది మేం పెంచిన అడవండి" అన్నాడు గర్వంగా. ఒకప్పుడు చెట్లు నరికేశాక నేల కుంగి, పోటునీరు నిలిచి, ఎండకి ఆవిరై ఉప్పు పేరుకుపోయింది. అలాంటి నేలలో విత్తనం మొలవదు. అందుకని పెద్ద కాలువ తవ్వి, దానికి ఏటవాలుగా రెండువైపులా చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తీశారు. పోటు వచ్చి పోతూ ఉప్పుని కడిగేసింది. గట్ల మీద నాటిన మడమొక్కలు బతికాయి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, మత్స్యకార గ్రామాలు కలిసి గోదావరి మడ అడవుల్లో చేసిన పని ఇది. 1996 నవంబరు తుపాను గురించి అడిగితే పడవాయన గొంతు తగ్గింది. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదన్నాడు. "అడవి అడ్డున్నచోట నీళ్ళు మెల్లగా వచ్చాయండి" అన్నాడు. రేవుని పూడ్చిన ఒండ్రు మీదే లేచిన ఈ అడవి ఇప్పుడు ఊళ్ళకి అడ్డుగా నిలుస్తోంది. అందుకే అడవి అంచున గండి కొట్టి రొయ్యల చెరువు తవ్వుతున్నారని వింటే నాకు భయమేస్తుంది.

మధ్యాహ్నం రోడ్డు పక్కన ఇద్దరు ఆడవాళ్ళు చీరమేను అమ్ముతున్నారు. తూర్పుగాలి తిరిగాక కొద్దివారాలే దొరికే, గడ్డిపరకంత కూడా లేని చేపపిల్లలివి. పలచని బట్టలతో పడతారు, సోలలతో కొలిచి అమ్ముతారు. పూటకూళ్ళ ఇంట్లో వాటితో వేసిన గారెలు తిన్నాను. అంత మెత్తని, అంత ఘాటైన చేపగారెలు మరెక్కడా తినలేదు.

సాయంత్రం తాళ్ళరేవులో పడవలు కట్టేచోటికి వెళ్ళాను. ఓడల కాలం నుంచీ ఈ వైపు నిలిచిన పని ఇదొక్కటే. ఒడ్డున ఎత్తిపెట్టిన పెద్ద చెక్కపడవ కింద వడ్రంగి పలకల సందుల్లో దూది కుక్కుతున్నాడు. ప్లాస్టిక్ పడవలొచ్చాక గిరాకీ తగ్గిందనీ, కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చూసుకున్నాడనీ చెప్పాడు. కాగితం మీద కొలతలేమీ లేవు. పొడవు, వెడల్పు చెబితే పక్కటెముకల వంపు ఆయన చేతికే తెలుసు.

"ఇంత బరువు నీళ్ళలోకి ఎలా దించుతారండీ?"

"మేం దించేదేముందండి! కార్తీక పున్నమికి పెద్దపోటు వస్తుంది. దానికిందకి నీళ్ళొస్తే అదే లేస్తుంది. ఊరంతా తాళ్ళు పట్టుకుంటాం. మీరూ వచ్చి ఓ చెయ్యెయ్యండి" అన్నాడు, ఉలి చేతికందుకుంటూ.