ఆగకూడని దారిలో చిన్నకారు

తెల్లవారకముందే దక్షిణ అండమాన్‌లోని జిర్కాటాంగ్ చెక్‌పోస్టు ముందు వాహనాలు బారులు తీరుతాయి. బస్సులు, లారీలు, జీపులు, వాటి నడుమ చిన్నకార్లు. టీ దుకాణాల దగ్గర హిందీ, బెంగాలీ, తమిళాలతో పాటు తెలుగు కూడా వినబడుతుంది. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపవాసులలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. టీ తాగడం ముగించిన డ్రైవర్లు బానెట్ ఎత్తి నీళ్లు, ఆయిలు చూసుకుంటారు. చక్రాలను కాలితో తట్టి గాలి అంచనా వేస్తారు. గేటు తెరుచుకున్న తరువాత దాదాపు 50 కిలోమీటర్ల మేర అడవిలో ఎవ్వరూ ఆగకూడదు.

శ్రీ విజయపురం నుండి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డులో ఇది ఒక భాగం. ఆ నగరం 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్. జిర్కాటాంగ్ దాటగానే జార్వాల అరణ్యం మొదలవుతుంది. కొన్ని వందల మందే ఉన్న ఆ ఆదిమజాతి 1990ల చివరి వరకు బయటివారిని దరిచేరనీయలేదు. ఆ తరువాత రాకపోకలు పెరిగాయి; 1999లో వారిలో తట్టు వ్యాపించింది. బయటి ప్రపంచానికి అలవాటైన జబ్బు కూడా, దానిని ఎరుగని శరీరాలకు ప్రాణాంతకం కాగలదు. 2002లో సుప్రీంకోర్టు ఈ ప్రాంతంలో రోడ్డును మూసివేయవలసిందిగా ఆదేశించినా, రాకపోకలు మాత్రం నిలిచిపోలేదు. అందువలననే ఇక్కడి వాహనాలు నిర్ణీత వేళలలో, పోలీసు రక్షణతో, గుంపుగా సాగుతాయి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ఫోటోలు తీయరాదు. తినుబండారాలు ఇవ్వరాదు.

కారు చెడిపోతే మరెక్కడైనా యజమానికి చికాకు, ఆలస్యం, కొంత ధననష్టం. ఇక్కడ చెడిపోయిన కారు వలన వెనుక ఉన్న వరుస యావత్తూ నిలిచిపోతుంది. దూరంగా ఉంచవలసిన మనుషుల ముంగిట అపరిచితులు గుమిగూడుతారు. కనుక ద్వీపవాసి చిన్నకారు కొనేటప్పుడు నమ్మకం అనే మాటను ఎంతో జాగ్రత్తగా తూచవలసి వస్తుంది.

ఆ నమ్మకానికి మొదటి శత్రువు ఉప్పు. సముద్రపు గాలిలోని లవణకణాలు ఇనుము మీద వాలి తేమను పట్టి ఉంచుతాయి. తుప్పు పట్టడాన్ని వేగవంతం చేస్తాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ చోట లోహం పొడిగా ఉండే రోజులు తక్కువ. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగి, సిప్పీఘాట్ వంటి చోట్ల పొలాలలోకి చేరిన ఉప్పునీరు నిలిచిపోయింది. తుప్పు పైకి కనిపించే చోట ఆరంభం కాదు. తలుపుల అడుగున నీరు జారే రంధ్రాలు మట్టితో పూడినప్పుడు, సైలెన్సర్ అతుకుల దగ్గర, బ్రేకు గొట్టాల మీద అది గుట్టుగా తన పని సాగిస్తుంది. తెలిసినవారు పాతకారు కొనవలసి వస్తే రంగు చూసి మురిసిపోరు. ముందు నేల మీద పడుకొని అడుగుభాగం చూస్తారు.

రెండవ శత్రువు దూరం. విశాఖపట్నం, చెన్నై రేవులు రెండూ ఇక్కడికి దాదాపు 1,200 కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి. ఓడ ప్రయాణం సుమారు మూడు రోజులు. అరుదైన కారులో అరచేతిలో ఇమిడే రబ్బరు వాషరు చిరిగిపోయినా, అది ఓడ ఎక్కి వచ్చేదాకా కారు షెడ్డులో నిద్రపోవలసిందే. ఒకప్పుడు అంబాసిడర్, ఆ పైన మారుతి 800 జనానికి నచ్చడంలోని రహస్యం ఇదే. 1983 డిసెంబరులో మార్కెట్టులోకి వచ్చిన మారుతి 800 ఇంజను సామర్థ్యం 796 సి.సి. మాత్రమే. అది ఎన్నడూ చెడనిదేమీ కాదు. కాని చెడితే బాగుచేయగల చేతులు ఊరూరా ఉండేవి. పాతబండి నుండి విప్పిన భాగం కొత్తదానికి అమరేది. ఆ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. వాటి వారసులను ఎంచుకునేవారు నేటికీ అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఇటువంటివి ఈ ఊరిలో ఎన్ని తిరుగుతున్నాయి?

మూడవ ప్రశ్న కొంత విచిత్రమైనది: ఈ కారును లాగుకుపోవడానికి వీలవుతుందా? అమెరికాలో ఇల్లు వంటి పెద్ద వాహనాలలో దేశసంచారం చేసేవారు వాటి వెనుక ఒక చిన్నకారును కట్టి లాగుకుపోతారు. బస ఒకచోట నిలిపి, ఊరిలో తిరగడానికి ఆ కారు. దానిని ఎంచుకునేటప్పుడు వారు బరువునూ, గేరుపెట్టెనూ ముఖ్యంగా చూస్తారు. చేతితో గేరు మార్చే కార్లు పెక్కింటిని న్యూట్రల్‌లో ఉంచి నాలుగు చక్రాల మీద లాగవచ్చు. చక్రాలు తిరుగుతుంటే లోపలి పళ్లు నూనెను చిమ్ముకుంటాయి. ఆటోమేటిక్ గేరుపెట్టెలు అనేకం ఇందుకు తగవు. ఇంజను ఆగితే వాటిలోని నూనె పంపు కూడా ఆగుతుంది. తడిలేని భాగాలు ఒరుసుకొని పాడవుతాయి.

అండమాన్ అడవిలో ఇది విలాసానికి సంబంధించిన విషయం కాదు. ఇంజను మొరాయిస్తే ఒక లారీకి తాడు కట్టి బయటపడగల కారు ఎంతో మేలు. ఆ సమయంలోనూ తాళంచెవి తిప్పి స్టీరింగును విడిపించి ఉంచాలి. ఇంజను సాయం లేని బ్రేకు పెడలు బిగుసుకుంటుంది కనుక దానిని బలంగా తొక్కవలసి ఉంటుంది. కారు కొన్ననాడే దానితో ఇచ్చిన పుస్తకంలో లాగుడుకు సంబంధించిన పుటను చదివి ఉంచుకోవడం వివేకం.

అడవి దారి చివర మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ. అక్కడ బస్సులూ కార్లూ వాహనాల ఫెర్రీలోకి మెల్లగా ఎక్కి, మడ అడవుల నడుమ జలసంధిని దాటి బారాటాంగ్ చేరుతాయి. అంతవరకు మనుషులను మోసిన చిన్నకారు ఇంజను ఆపుకొని తానే ప్రయాణికురాలవుతుంది. డ్రైవరు దిగి ఒళ్లు విరుచుకుంటాడు. వచ్చిన దారిలో అతడు ఎక్కడా ఆగలేదు. ఆ అడవిలో అతని అడుగుజాడ ఒక్కటీ పడలేదు. ఈ దారిలో నమ్మకమైన కారుకు అంతకు మించిన యోగ్యతాపత్రం అక్కరలేదు.