రేపు కొనబోయేవాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కంటికి కనపడని మనిషి ఒకడు ఉండేవాడు. 1998లో నాన్న మారుతి 800 కొన్నప్పుడు దాంతోపాటు వచ్చాడు వాడు. తెల్ల కారే ఎందుకు కొన్నాం? "తెలుపుకి రీసేల్ ఉంటుందిరా." సీట్ల మీద షోరూం ప్లాస్టిక్ కవర్లు ఎందుకు తియ్యలేదు? అదే జవాబు. గుంటూరు ఎండలకి ఆ ప్లాస్టిక్ తొడలకి అతుక్కుపోయేది. దిగేటప్పుడు చర్మం ఊడొచ్చినంత పనయ్యేది. వెనక సీట్లో జంతికలు తినకూడదు. అద్దాలకి స్టిక్కర్లు అంటించకూడదు. అన్నీ ఆ మనిషి కోసమే. ఎప్పుడో ఒకరోజు వచ్చి మా కారు కొనబోయేవాడి కోసం.

పదకొండేళ్ల తర్వాత వాడు నిజంగానే వచ్చాడు. సత్తెనపల్లి నుంచి, బావమరిదిని వెంటబెట్టుకుని. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాక వాడు చేసిన మొదటి పని, మా గేటు ముందే, నాన్న చూస్తుండగానే, ఆ కవర్లు చింపి బయట పడేయడం. కింద సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి. వాటిమీద మేం ఒక్కసారి కూడా కూర్చోలేదు.

*

2019లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో నేనూ ఒక కారు కొన్నాను. 2003 మోడల్ పోర్షే బాక్స్‌టర్. రెండు సీట్లు, తీసేయగలిగే టాప్, చేత్తో మార్చుకునే గేర్లు. పోర్షే అనగానే ఫ్రెండ్స్ "బలిసిందిరా నీకు" అన్నారు. ధర చెబితే నమ్మలేదు. 11,500 డాలర్లు. అదే నెలలో మా టీంలో ఒకబ్బాయి కొన్న సెకండ్ హ్యాండ్ కామ్రీ దీనికంటే ఖరీదు.

కొత్తప్పుడు ఈ కారుకి మొదటి ఓనరు పెట్టింది 51 వేలు. ఆ స్టిక్కరు కాగితం కూడా ఫైల్లో ఉంది. అంటే నా చేతికొచ్చేలోపు పదహారేళ్లలో దాదాపు 40 వేల డాలర్లు ఆవిరైపోయాయి. ఎక్కడికి పోయాయి?

కొంత మామూలు అరుగుదల. ఏ కారైనా మొదటి మూడు నాలుగేళ్లలోనే ఎక్కువ పడుతుంది. పోర్షే వారంటీ నాలుగేళ్లు లేదా 50 వేల మైళ్లు. అది అయిపోయిన రోజు ఇంకో మెట్టు దిగుతుంది. కామ్రీని అవసరం ఉన్నవాడు కొంటాడు, ఆ అవసరం ఎవరో ఒకరికి ఎప్పుడూ ఉంటుంది. రెండు సీట్ల కారు మాత్రం ఎవరికీ అవసరం లేదు. అది కోరిక మీద నడిచే బేరం. పైగా కారు ధర పడిపోతుందిగానీ, దాని స్పేర్ పార్టుల ధర పడదు. 51 వేల కారుకి క్లచ్ మార్చడానికి ఎంత బిల్లవుతుందో, పదకొండున్నర వేల కారుకీ అంతే. చవగ్గా వచ్చిన ఖరీదైన కారు ఖరీదైన కారే. ఇది తెలిసినవాడు భయపడి దూరంగా ఉంటాడు, తెలియనివాడు కొని ఏడుస్తాడు.

బాక్స్‌టర్‌కి వీటన్నిటికీ తోడు ఇంకో భయం ఉంది. ఇంజన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటుంటుంది, దాని చివర ఒక బేరింగు. ఆ కాలపు ఇంజన్లలో ఈ బేరింగు దెబ్బతింటే ఇంజన్ మొత్తానికే ఎసరు. అమెరికాలో దీని మీద కోర్టు కేసు పడి, 2013లో రాజీ కుదిరింది. నిజానికి ఎక్కువ కార్లలో దానికేమీ కాదు. కానీ ఏ కారులో అవుతుందో బయటినుంచి చూసి చెప్పలేం కాబట్టి, బాగున్న కార్ల ధర కూడా పడిపోయింది.

ఎకనమిక్స్‌లో దీనికి పేరున్న వ్యాసమే ఉంది. 1970లో జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల బజారునే ఉదాహరణగా తీసుకుని రాశాడు. కారు సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకే కొనేవాడు ఎందుకైనా మంచిదని తగ్గించి అడుగుతాడు. ఆ తక్కువ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి బజార్లో మిగిలేవి ఎక్కువగా డొక్కు కార్లే. 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. కథలూ నవలలూ చదివి నాలుగు ముక్కలు రాసుకునే నాకు ఇది బాగా తెలిసిన ఇబ్బందిలాగే అనిపించింది: కథ చెప్పేవాణ్ణి ఎంతవరకు నమ్మాలి?

నేను నమ్మింది ఒక నోట్‌బుక్‌ని. మొదటి ఓనరు పళ్ల డాక్టరు. చూపు మందగించి కారు అమ్మేశాడు. పదహారేళ్లు ఆయన ప్రతి ఆయిల్ మార్పూ, ప్రతి టైరూ చేత్తో రాసుకున్నాడు. ఎడమ పేజీలో మీటర్ రీడింగు, తేదీ, బిల్లు. కుడి పేజీ చాలాచోట్ల ఖాళీ. అక్కడక్కడా మాత్రం ఒకటి రెండు వాక్యాలు. 31,204 మైళ్ల దగ్గర: బిగ్ బెండ్, రాత్రంతా చలి, టాప్ మాత్రం వెయ్యలేదు. 44,870 దగ్గర: అమ్మాయికి క్లచ్ నేర్పాను, ఒకరు ఏడ్చారు, అమ్మాయి కాదు.

బేరమాడకుండా కొనేశాను.

*

క్లచ్, ఆ బేరింగు కలిపి ఒకేసారి మార్పించాను. ఎలాగూ గేర్‌బాక్సు దింపాలి కాబట్టి రెండూ ఒకేసారి చేయించుకోవడం మేలు. నాలుగు వేలయింది. భయం పోయింది. రెండేళ్లు హాయిగా తిప్పాను.

తర్వాత 2021 వచ్చింది. చిప్పులు దొరక్క కొత్త కార్లు తయారవ్వలేదు, పాత కార్ల ధరలు పైకి లేచాయి. నా బాక్స్‌టర్ లాంటివి 16, 17 వేలు పలకడం మొదలైంది. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. ఇంజనీరుని కదా. ఒక్కో మైలు తిప్పితే ధర ఎంత తగ్గుతుందో లెక్కకట్టాను. గ్రాసరీకి వెళ్లొస్తే ఇంత, లాంగ్ డ్రైవ్‌కి వెళ్తే ఇంత. నెల తిరిగేసరికి కారు గరాజ్‌లో, దానిమీద మెత్తటి గుడ్డ కవరు.

ఆ రోజుల్లో రాత్రిళ్లు పాత కార్ల వేలాలు చూస్తూ కూర్చునేవాణ్ణి. 2001లో వచ్చిన ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్ సినిమాలో వాడిన నారింజరంగు సుప్రా 2021లో 5,50,000 డాలర్లకి పోయింది. ఆ సినిమా చూసిన కుర్రాళ్ల చేతికి ఇప్పుడు డబ్బులొచ్చాయి, అంతే కారణం. రంగుల సంగతైతే మా నాన్న సిద్ధాంతానికి పూర్తిగా తలకిందులు. స్పోర్ట్స్ కార్లలో వెండిరంగు, తెలుపు ఎక్కడ చూసినా ఉంటాయి. అప్పట్లో ఎవరూ పెద్దగా కొనని పచ్చలు, పసుపులు, ఊదాలకే ఇప్పుడు గిరాకీ. రేపు కొనబోయేవాడికి ఏం నచ్చుతుందో నిన్న ఎవరికీ తెలియదు.

మిస్టర్ బీన్‌గా మనకి తెలిసిన రోవన్ అట్కిన్సన్ 1997లో మెక్‌లారెన్ ఎఫ్1 కొన్నాడు. మొత్తం తయారైనవే 106. ఆయన దాన్ని దాచిపెట్టలేదు. 41 వేల మైళ్లు తిప్పాడు, రెండుసార్లు గుద్దాడు. రెండోసారి రిపేరుకి ఇన్సూరెన్సు వాళ్లకి 9 లక్షల పౌండ్లు దాటింది. అయినా 2015లో అది సుమారు 80 లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. అలాంటి కారు వేరు, నాది వేరు, నిజమే. బాక్స్‌టర్లు లక్షల్లో ఉన్నాయి. అయినా ఆయన గురించి చదివిన రాత్రి గరాజ్‌లోకి వెళ్లి కవరు కొంచెం ఎత్తి చూసి, మళ్లీ కప్పేశాను.

2022 జూలైలో పాప పుట్టింది. అమ్మా నాన్నా వచ్చారు. నాన్న గరాజ్‌లో కవరు చూసి "ఏంట్రా అది?" అన్నాడు. తీసి చూపించాను.

"దీనికి రీసేల్ ఉందా?"

"కొన్నదానికంటే పెరిగింది నాన్నా. అందుకే బయటికి తియ్యట్లేదు."

నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "పెరిగితే తియ్యవు, తగ్గితే తియ్యవు. మరెప్పుడు తీస్తావు?" అన్నాడు. వెక్కిరింపేం లేదు, మామూలుగానే అడిగాడు.

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరం లేక్ టెక్సోమాకి వెళ్లాం. టాప్ తీశాను. నాన్న తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. దారి పొడుగునా పెద్దగా మాట్లాడుకోలేదు, గాలి హోరుకి వినపడదు కూడా. పక్క సీటు తోలు ఒకచోట పగిలి ఉంటుంది. నాన్న అక్కడ చేత్తో రాస్తూ కూర్చున్నాడు. "మెత్తగా ఉందిరా" అన్నాడొకసారి.

ఇంటికొచ్చాక నోట్‌బుక్ కుడి పేజీలో మొదటిసారి నేనూ ఒక వాక్యం రాశాను. తెలుగులో. 66,912. టెక్సోమా. నాన్న, తువ్వాలుతో.

*

2023 జనవరిలో ఉద్యోగం పోయింది. ఒక్కణ్ణే కాదు, ఆ నెలలో చాలామందికి పోయాయి. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులు. ఈలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. ఇరవై మూడో రోజున కారు అమ్మకానికి పెట్టాను. అప్పటికి ధరలు దిగడం మొదలైంది. 14 వేలు అడిగితే ఫోన్లు రాలేదు. 13కి దించాను.

నలభై ఒకటో రోజున ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. కారు కిందికి దూరి చూశాడు, ఫైలంతా ఓపిగ్గా చదివాడు. చివరికి పాత బండి కొనేవాళ్లందరూ అడిగే ప్రశ్నే అడిగాడు: ఎందుకు అమ్ముతున్నారు?

"పాప పుట్టింది. రెండు సీట్లు సరిపోవట్లేదు."

పాప పుట్టింది నిజం. సరిపోకపోవడమూ నిజమే. కానీ అమ్ముతున్నది అందుకు కాదు. అకర్లాఫ్ వ్యాసంలో అమ్మేవాడు కారులో లోపం దాస్తాడు. నా కారులో లోపం లేదు, ఉన్నదల్లా ఆ ఫైల్లోనే ఉంది. నేను దాచింది నా సంగతి. ఇంకా పంతొమ్మిది రోజులే ఉన్నాయని తెలిస్తే ఆయన పదివేలకి అడిగేవాడు, నేను ఇచ్చేసేవాణ్ణి. కారు విలువ, మార్కెట్ విలువ అని స్ప్రెడ్‌షీట్లో ఏడాదిపాటు రాసుకున్న అంకెలన్నీ తొందరలేని మనిషి అమ్మితే వచ్చేవి. ఆ గడిలో నా గడువుకి చోటే లేదు. అదే వారం రెండు ఇంటర్వ్యూల్లో నన్నూ ఇలాగే తిరగేసి చూశారు. పాత కంపెనీ ఎందుకు మానేశారు అని అడిగారు. అక్కడా సగం నిజమే చెప్పాను.

12 వేలకి కుదిరింది. నోట్‌బుక్ ఇచ్చేముందు ఆ పేజీ చింపుకుందామనుకున్నాను. కానీ దాని వెనక వైపున ఆయిల్ మార్పుల లెక్క ఉంది. పేజీ పోతే మీటరు వరస తెగుతుంది, ఆయనకి అనుమానం వస్తుంది. ధర తగ్గుతుందని నాన్నని అందులోనే వదిలేశాను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

ఆయనే పేజీలు తిప్పుతూ ఆగాడు. ఏ భాష అని అడిగాడు. తెలుగు అన్నాను. మా నాన్నతో ఒక ట్రిప్పు అన్నాను. తల ఊపి, నోట్‌బుక్‌ని గ్లవ్‌బాక్సులో పెట్టుకున్నాడు. ఫిబ్రవరి చివరి రోజులు, బయట మంచి చలి. తాళం తిప్పిన వెంటనే ఆయన టాప్ తీసేశాడు. సందు చివరిదాకా ఆయన టోపీ కనపడుతూనే ఉంది.

యాభై రెండో రోజున ఉద్యోగం దొరికింది. అది వేరే కథ. కారు అమ్మిన రోజు సాయంత్రం మాత్రం నాన్న ఫోన్ చేశాడు.

"ఎంతకి పోయింది?"

చెప్పాను. నాలుగు వేల రిపేరు కూడా కలిపితే మూడున్నర వేలు నష్టమని, నాలుగేళ్లలో ఏడాది ఊరికే కప్పి ఉంచానని కూడా చెప్పాను.

"కొన్నాయన ఎలాంటివాడు?"

"చలిలో టాప్ తీసుకుని వెళ్లిపోయాడు నాన్నా."

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ సత్తెనపల్లి ఆయన గుర్తున్నాడా నీకు?" అన్నాడు.