ఏడవకమ్మా అన్న పాట

2020 ఆగస్టులో ఒక ఆదివారం రాత్రి, నేనే వాయించి, నేనే పాడి, ఇంట్లోనే రికార్డు చేసిన పాటని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. జమైకా గాయకుడు బాబ్ మార్లీ పాట, ‘నో వుమన్, నో క్రై’. దాని కింద ఒక వాక్యం రాశాను: ‘ఆడది లేకపోతే ఏడుపే లేదు, మార్లీ ఎప్పుడో చెప్పాడు.’ పది నిమిషాల్లో నవ్వు బొమ్మలు వరసకట్టాయి. బాబాయిలూ బావమరుదులూ మెచ్చుకున్నారు. ఆ గ్రూపులో మా అక్క కూడా ఉంది. బావగారు పోయి అప్పటికి పది నెలలు. ఆ పాట నేను రికార్డు చేసింది అక్క పడుకునే గదిలోనే.

ఆ గదే ఎందుకంటే, మా ఇంట్లో గొంతు మార్మోగని చోటు అదొక్కటే. లాక్‌డౌన్‌లో ఒక మైకు, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే చిన్న పెట్టె కొనుక్కున్నాను. హాల్లో పాడితే బావిలోంచి పాడినట్టుండేది. అక్క గదిలో రెండు దూది పరుపులు, బీరువా నిండా నేత చీరలు. బీరువా తలుపులు బార్లా తెరిచి, చీరలకి వీపు పెట్టి నిలబడి పాడితే గొంతు పొడిగా, దగ్గరగా పడింది. ఫ్యాను ఆపేసి, కాసేపు కుక్కరు పెట్టొద్దని వంటింట్లో చెప్పి, చెమటలు కారుతుండగా మూడు ఆదివారాలు పాడాను. ఆ మూడు ఆదివారాలూ అక్క తన గది నాకొదిలి హాల్లో కూర్చుంది.

చిన్న తప్పులు చాలా చేశాను. కంప్యూటర్లో బఫర్ ఎక్కువగా పెట్టడంతో నేను మీటిన తీగ హెడ్‌ఫోన్లో ఆలస్యంగా వినబడి, తాళం వెనక్కి జారిపోయింది. ల్యాప్‌టాప్ స్పీకర్లో బేస్ వినబడటం లేదని పెంచుకుంటూ పోతే, కారులో పెట్టినప్పుడు తలుపులు అదిరాయి. లేని జమైకా యాస తెచ్చిపెట్టుకుని పాడాను. ఇలాంటివి మర్నాడు వింటే తెలిసిపోతాయి, దిద్దుకోవచ్చు. నాకై నేను పట్టుకోలేకపోయిన తప్పులు రెండు. రెండూ అక్కే పట్టుకుంది.

పాట పెట్టిన నాలుగో రోజు, భోజనాలయ్యాక, ‘ఒరేయ్, ఆ అసలు పాట ఒకసారి పెట్టు’ అంది. 1974లో ‘నాటీ డ్రెడ్’ ఆల్బమ్‌లో వచ్చిన పాట అది. లోకమంతా ఎక్కువగా విన్నది మాత్రం 1975 జులైలో లండన్ లైసియం థియేటర్లో పాడినది. అదే పెట్టాను. ఆర్గన్ నెమ్మదిగా మొదలవుతుంది. మార్లీ కంటే ముందు జనమే పాట అందుకుంటారు. అక్క కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ చివరిదాకా వింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అందులో ఆ యాస అసలే పట్టుబడదు.

‘ఎవరినో ఓదారుస్తున్నట్టుంది కదరా. వెక్కిరించే మనిషి ఇంత నెమ్మదిగా పాడతాడా?’ అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి కూర్చుని, ముందే చేయాల్సిన పని చేశాను. ఆ పాట ఎవరిది, ఏ వాడలో పుట్టింది, ఆ మాటకి అక్కడ అర్థం ఏమిటి అని చదివాను. జమైకా వాళ్ళ పలుకులో ‘నో’ అనే మాట ‘వద్దు, చెయ్యకు’ అనే అర్థంలో కూడా వస్తుంది. బళ్ళో నేర్చుకున్న ‘లేదు’ అనే అర్థం ఒక్కటే నా చెవిలో ఉండిపోయింది. వద్దమ్మా, ఏడవకు. ఆ పేరుకి అర్థం ఇదీ.

ట్రెంచ్ టౌన్ అనేది కింగ్‌స్టన్‌లో పేదల వాడ. సర్కారు కట్టించిన ఇళ్ళు, వాటి మధ్య అందరికీ కలిపి ఒకే వాకిలి, ఉమ్మడి వంటచోటు, ఉమ్మడి కొళాయి. అలాంటి వాకిట్లో రాత్రిపూట మంట వేసుకుని కూర్చున్న రోజుల్నీ, పంచుకు తాగిన మొక్కజొన్న జావనీ, మధ్యదారిలో దూరమైన స్నేహితుల్నీ తలుచుకుంటూ, ఏడుస్తున్న ఒక ఆడమనిషికి ధైర్యం చెప్పే పాట అది. రచయితగా నమోదైన పేరు విన్సెంట్ ఫోర్డ్‌ది. మార్లీకి స్నేహితుడు, ఆకలితో వచ్చినవాళ్ళకి ట్రెంచ్ టౌన్‌లో వండిపెట్టిన మనిషి. ఆ ఆల్బమ్‌లో మార్లీ వెనక గొంతు కలిపింది ముగ్గురు ఆడవాళ్ళు: రీటా మార్లీ, జూడీ మోవాట్, మార్షా గ్రిఫిత్స్. ఆడవాళ్ళని తక్కువ చేసే పాటకి వాళ్ళు అంత ప్రేమగా గొంతు కలుపుతారా అన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. పదహారేళ్ళ వయసులో హాస్టల్లో ఎవరో చెప్పిన అర్థాన్ని అలాగే మోసుకొచ్చి, భర్త పోయిన అక్క ముందు పెట్టాను. ఓదార్పు పాటని తీసుకెళ్ళి, ఓదార్పు కావాల్సిన మనిషి మీదే విసిరాను.

పొద్దున్నే కాఫీ తాగేటప్పుడు క్షమించమని అడిగాను. ‘నాకు కోపం రాలేదురా. కాకపోతే నా గదిలోనే పాడావు కదా...’ అని ఆగిపోయింది. కాసేపటికి తనే అందుకుంది. ‘సరేలే. అర్థం సంగతి అలా ఉంచు, తాళం కూడా తప్పే. నువ్వు మొదటి దెబ్బ మీద అంత బరువు వేస్తున్నావేం? వాళ్ళు వెయ్యట్లేదు.’

అక్క చిన్నప్పుడు పన్నెండేళ్ళు సంగీతం నేర్చుకుంది. ఆవిడ మాటకి ఎదురుచెప్పకుండా, 1979లో వచ్చిన ‘వన్ డ్రాప్’ అనే మార్లీ పాట పెట్టాను. ఆ పాటకి వాళ్ళ తాళం నడక పేరే పెట్టారు. నాలుగు దెబ్బలు లెక్కపెడితే మొదటి దెబ్బ ఖాళీ. డ్రమ్ము బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. మార్లీ వెయిలర్స్ బృందంలో ఆ డ్రమ్ము కార్ల్‌టన్ బ్యారెట్‌ది. పక్కనే బేస్ వాయించింది ఆయన అన్న ఆస్టన్. గిటారు రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ ‘చక్’ మని మోగి తెగిపోతుంది. తీగ మీటిన వెంటనే ఎడమచేతి వేళ్ళు తీగల మీద అలాగే ఉంచి, ఒత్తిడి మాత్రం వదిలెయ్యాలి. అప్పుడు నాదం అక్కడికక్కడే ఆగుతుంది. ఇదంతా నేను చదివాను. చెయ్యి మాత్రం పాతికేళ్ళుగా సినిమా పాటలకి అలవాటుపడ్డది. ‘చక్’ కొడుతూనే మొదటి దెబ్బ కూడా కొట్టాను, కంప్యూటర్ డ్రమ్ములో అక్కడ కిక్ కూడా పెట్టాను. ఖాళీ కనబడితే నింపెయ్యడమే వాయించడం అనుకున్నాను.

మొదటి దెబ్బ ఖాళీగా వదలడంలో అక్కకి వింతేమీ కనబడలేదు. ‘త్యాగరాజ స్వామి దేశాది తాళం కీర్తనల్లో దెబ్బ పడ్డాక ఒకటిన్నర అక్షరం ఆగి కదా ఎత్తుకునేది. చెయ్యి పడుతుంది, నోరు పలకదు. ఆ ఆగడం రాకపోతే మా టీచరుగారు పాట మొదలుపెట్టనిచ్చేవారు కాదు’ అంది. తను తాళం వేస్తూ కూర్చుని, మొదటి దెబ్బ దగ్గర నా చెయ్యి కదిలినప్పుడల్లా ‘ఊఁ’ అని ఆపేది. అలా రెండు వారాలు పట్టింది. ఊరికే ఉండటం నేర్చుకోవడానికి రెండు వారాలు! మొదటి దెబ్బ దగ్గర నేను తప్పుకున్నాక గాని, ఆ బేస్ ఎంత మాట్లాడుతుందో నాకు వినబడలేదు. జమైకా నుంచి వచ్చిన ఈ సంగీతాన్ని 2018లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గౌరవం ఎందుకో నాకు ఆ ఖాళీ దగ్గరే అర్థమైంది.

గ్రూపులో నా వాక్యం తప్పని, పాట అసలు అర్థం ఇదని రాసి పెట్టాను. మొదటిసారి నవ్విన నలభై మందిలో ఇద్దరే బదులిచ్చారు. పాట పంపి రోజులు గడిచిపోవడంతో అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలు లేకపోయింది.

రెండోసారి కూడా అక్క గదిలోనే రికార్డు చేశాం. యాస పెట్టకుండా నా గొంతుతోనే పాడాను. వెనక మాటల్లేకుండా, సన్నగా వినబడే గొంతు అక్కది.

ఇది చదివే మా బంధువుల్లో ఎవరి ఫోన్లోనైనా ఆ మొదటి పాట ఇంకా ఉంటే, దయచేసి తీసెయ్యండి. రెండోది నేను పంపిస్తాను.