సముద్రము లేని యూరిలో సన్న్యాసి పీత

మా జహీరాబాదున సముద్రము లేదు. ఎఱ్ఱమన్ను కలదు, జొన్నచేలు, చెఱకుతోటలు కలవు, వేసవి వచ్చినచో పెదవులు పగులజేయు పొడిగాలి కలదు. అయినను మా యూరిమీదుగా పోవు జాతీయ రహదారి, పూర్వము 9 వ సంఖ్యతోను నేడు 65 వ సంఖ్యతోను పిలువబడునది, పూనాలో బయలుదేరి షోలాపురము, హైదరాబాదు, సూర్యాపేట, బెజవాడల మీదుగా సాగి బందరులో అంతమగుచున్నది. "ఈ బాట విడువక పోయినచో సముద్రము వచ్చును" అని మావారు బడిపిల్లలకు చెప్పుచుందురు. ఆ మాట విని విని మా చిన్నదానికి బాట చివఱ చూడవలెనని పట్టుదల కలిగెను. రెండేండ్ల క్రిందట సంక్రాంతి సెలవులలో మేము నలుగురమును బయలుదేరితిమి. నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము.

బందరునకు పదునొకండు కిలోమీటర్ల దూరమున మంగినపూడి తీరమున్నది. అచ్చట ఇసుకతో నల్లమన్ను కలిసియుండును. నీరు చాలదూరమువఱకు లోతు లేక యుండుటచే పిల్లలకు భయము లేదు. మేము చేరునప్పటికి ఆటు సమయమగుటచే నీరు వెనుకకు తీసియుండెను. పిల్లలు రుమాళ్లు పఱచి గుల్లలేఱ మొదలిడిరి. అంతలో చిన్నది "అమ్మా! ఈ గుల్ల నడుస్తోందే!" అని కేక వైచెను.

చేపలగంప దింపుకొని కూర్చున్న యొక ముసలవ్వ నవ్వి, "అది నత్త కాదమ్మా, ఎండ్రకాయ. నత్త చచ్చిపోతే ఆ గుల్లలో ఇది కాపురముంటది" అని చెప్పెను. మావారు బడిపిల్లలకు చూపుదమని మూడింటిని సముద్రపునీటి డబ్బాలో వేసిరి. మేము నూఱు గుల్లలవఱకు మూటగట్టితిమి. ఆ మూటను చూచి అవ్వ, "గుల్లలన్నీ మీరే ఏరుకుపోతే ఇయ్యి యాడ కాపురం పెడతాయమ్మా?" అనెను. మేము నవ్వి యూరకుంటిమి. ఆ నవ్వునకు పిదప మిక్కిలి సిగ్గుపడవలసివచ్చెను.

ఇంగ్లీషువారు ఈ జీవిని హెర్మిట్ క్రాబ్ అందురు. అనగా సన్న్యాసి పీత. ఇల్లు లేక బ్రదుకజాలని దీనికి సన్న్యాసి యను పేరెట్లు తగునో మాకు తెలియదు; దీనికి మించిన గృహస్థు లేడు. సుమారు 2300 ఏండ్ల క్రిందట గ్రీకు పండితుడగు అరిస్టాటిలు సైతము దీనిని గూర్చి వ్రాసియున్నాడు. దీని ముందుభాగమునకు గట్టి పెంకు కలదు. వెనుకభాగము మెత్తగా, వంకర తిరిగి, నత్తగుల్ల మలుపులలో ఇమిడియుండును. చివఱనున్న చిన్న కాళ్లు గుల్లను లోపలినుండి పట్టుకొనుటకే. గుల్లను తాను చేసికొనలేదు. శరీరము పెరిగినకొలది పెద్ద గుల్లను వెదకికొనవలెను. కొన్ని తీరములలో ఈ పీతలు పెద్దదానినుండి చిన్నదానివఱకు వరుసగా నిలిచి, మొదటిది క్రొత్తయింట చేరగానే దాని పాతయింటిలోనికి రెండవది, దాని యింటిలోనికి మూడవది మారుట శాస్త్రజ్ఞులు కన్నులార చూచియున్నారు.

ఇంటికి వచ్చి, అంగడినుండి గాజుతొట్టి తెచ్చి, కడిగి, తెచ్చిన నీరు పోసి మూడింటిని విడిచితిమి. నాలుగవనాడే యొకటి చచ్చెను. మావారి బడిలోని జీవశాస్త్రోపాధ్యాయిని వచ్చి చూచి కారణము చెప్పిరి. జీవుల మలమువలన నీటిలో అమోనియా యను విషము పుట్టును. ఇసుకలోను రాళ్లపైనను పెరుగు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగాను మార్చును. ఆ సూక్ష్మజీవులు తగినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. పాలు తోడుకొనకముందే పెరుగు వడ్డింపబోయిన చందమున మేము తొట్టి సిద్ధము కాకముందే జీవులను విడిచితిమి.

రెండవది చచ్చిన విధము చెప్పుటకు మనసొప్పదు. ఒకనాటి రాత్రి తొట్టిలో టకటకమను చప్పుడు వినవచ్చెను. పెద్ద పీత తన గుల్లను చిన్నదాని గుల్లకు మోదుచు, దానిని వెలికి లాగజూచుచుండెను. తెల్లవారునప్పటికి చిన్నది గుల్ల లేక, మెత్తని యొడలితో ఇసుకపై పడి ప్రాణము విడిచియుండెను. పెద్దదానికి తన యిల్లు ఇఱుకైనది. తొట్టిలో వేఱొక గుల్ల లేదు. ఆ తొట్టికి నాలుగడుగుల దూరమున మా అద్దాలబీరువాలో, బొమ్మల నడుమ, నూఱు గుల్లలు అందముగా పేర్చియున్నవి! అవ్వ మాట అప్పుడు మాకు అర్థమైనది.

వెంటనే ఆఱు గుల్లలను మంచినీట మరిగించి, చల్లార్చి తొట్టిలో నుంచితిమి. పీత యొక్కొక్క గుల్లను దొర్లించి, పంజాతో లోపల కొలిచి, తుదకొకదానిలోనికి రెప్పపాటున దుమికెను. రంగులు పూసిన గుల్లలు పనికిరావు. ఆ రంగు నీటిలో దిగి విషమగును.

ఇట్టి జీవిని పోషించు సోదరీమణులకై మేము నేర్చినది కొంత చెప్పెదము. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. అందు నూటికి సుమారు 85 పాళ్లు వంటయుప్పు సరకే యైనను, తక్కిన మెగ్నీషియము, సున్నము, పొటాషియము మొదలగునవి లేక పీత బ్రదుకదు. కావున వంటింటి యుప్పు కలుపరాదు. పెంపుడుచేపల అంగళ్లలో దొరకు సముద్రలవణమును వడబోసిన నీట కలుపవలెను. హైడ్రోమీటరు 1.023 మొదలు 1.025 వఱకు చూపవలెను.

మా పొడిగాలికి నీరు త్వరగా ఇగిరిపోవును; ఉప్పు మాత్రము మిగులును. చారు మరిగినకొలది ఉప్పెక్కుట మనమెఱుగనిదా? అందుచే గాజుపై గీతగీసి, తగ్గినమేరకు ప్రతి యుదయమును ఉప్పు లేని నీరే పోయవలెను. వారమునకొకమాఱు పదవవంతు నీరు తీసి, క్రొత్త యుప్పునీరు నింపవలెను. రాగిచెంబు తొట్టిదరి చేరరాదు. మనకు మేలని తలచు రాగి ఈ జీవులకు కొంచెమైనను విషమే. నీటివేడి 24 మొదలు 28 డిగ్రీల వఱకుండుట మేలు. వేసవిలో తొట్టిని ఎండతగులని గదిలో నుంచి, నీటిమీద పంకా గాలి తగులనీయవలెను. కరెంటు పోయినపుడు గాలి ఆగకుండ బ్యాటరీపంపు సిద్ధముగ నుండవలెను. ఆహారము రెండుమూడు దినములకొకమాఱు గోరంత రొయ్యముక్క చాలును, మిగిలినది తీసివేయవలెను. మాంసము ముట్టని మా యింట ఆ ముక్కను ప్రక్కింటి వదినగారు వేసి పోవుచుందురు.

భాద్రపదమున నొకనాడు పీత రూపమంతయు, కాళ్లతో పంజాలతో, రాతిప్రక్కన వెల్లకిల పడియుండెను. చిన్నది యేడ్చెను. తులసికోటకడ గుంట త్రవ్వి, దానిని చేతికెత్తుకొంటిమి. బరువు లేదు, వాసన లేదు, లోపల డొల్ల! అది శవము కాదు, విడిచిన కుబుసము. గుల్లలోతున క్రొత్త లేతకాళ్లు కదలుచుండెను. అట్టి సమయమున దానిని కదలింపరాదు. కొన్నిదినములు మేత ముట్టక దాగియుండును. సోదరీమణులారా, కంటికి కనబడినంతమాత్రమున చచ్చినదని తలచి పాఱవేయకుడు.

ఈ సంక్రాంతికి మరల బందరు పోయితిమి. పీతను కొనిపోలేదు, తొట్టిలో పెరిగినదానిని సముద్రమున విడిచినచో అచ్చటి జీవులకు రోగములంటవచ్చునట. దాని బాధ్యత కడవఱకు మాదే. సముద్రపు పీతలు ఇండ్లలో పిల్లలను పెంచుట అరుదు. ఒకటి తెచ్చినచో సముద్రమున నొకటి తగ్గినట్లే. కావున మఱియొకటి తేబోము. 2024 లో వెలువడిన పరిశోధనలో, నేలపై బ్రదుకు సన్న్యాసి పీతల 16 జాతులలో 10 జాతులు సీసామూతలు మున్నగు చెత్తను గుల్లలుగా మోయుచున్నట్లు ఛాయాచిత్రములవలన తెలిసినది.

పీత పెరుగుదలకై పండ్రెండు గుల్లలుంచుకొని, తక్కినవన్నియు మూటగట్టి తీసికొనిపోయితిమి. అవ్వ కొఱకు వెదకితిమి, కనబడలేదు. తడియిసుకపై గుల్లలను పఱచుచు చిన్నది, "ఇది చిన్నదానికి, ఇది వాళ్ళమ్మకు" అని పంచుచుండెను. అల వచ్చి కొన్నింటిని తీసికొనిపోయెను. మా బీరువాలోని ఆ అర యిప్పుడు ఖాళీగానున్నది. చూడవచ్చినవారడిగినచో, అందలి యిండ్లు ఇంటివారికి ముట్టినవని చెప్పుచున్నాము.