కోఠీ మేడ

జహీరాబాదు వారమగు మాకు పాతకట్టడములు చూడవలెనను కోరిక పుట్టినచో బీదరు దగ్గర. బహమనీ సుల్తానుల కోటయు, 1472లో ముగిసిన మహమూద్ గవాను మదరసాయు అచ్చటనే యున్నవి. అయినను ఈ మాఱు మేము హైదరాబాదునకు బోతిమి. వేడుకకు గాదు. మా అమ్మాయికి కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమున చరిత్ర చదువుటకు స్థానము దొరికినది. చేర్పించుటకు బయలుదేరగా మా అత్తగారును వెంట వచ్చిరి. పిల్లను మరల ఇంటికి దీసికొని వచ్చు తలంపుతోనే వారు వచ్చిరని మాకు తెలియును.

"మన ఊర్ల డిగ్రీ కాలేజీ లేదా? ఆడపిల్లను నూరు కిలోమీటర్ల దూరం హాస్టల్ల పడేస్తరా?" అని సదాశివపేట దాటువఱకు అడుగుచునే యుండిరి. మేము బదులు చెప్పలేదు. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ కళాశాలలోనే మాకును స్థానము దొరికెను. మా పుట్టినింటివారు ఇట్టి మాటలే చెప్పి, ఆ యేడే పెండ్లి చేసిరి. ఆ సంగతి అత్తగారి కెన్నడును చెప్పి యుండలేదు.

మియాపురమున మెట్రో రైలెక్కి ఉస్మానియా మెడికల్ కళాశాల స్టేషనులో దిగితిమి. కోఠీ సందడి దాటి ఆవరణలో నడుగిడగానే ఎదుట తెల్లని మేడ. ఆఱు మహాస్తంభములు, వెడల్పైన మెట్లు, మెట్లకు రెండు వైపుల రెండు సింహములు. అత్తగారు నిలిచిపోయిరి. "ఏ రాజుది బిడ్డా?" అని మనుమరాలి నడిగిరి.

రాజుది గాదు. హైదరాబాదులో ఆంగ్లేయుల రెసిడెంటుగా నుండిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దీనిని 1803 ప్రాంతమున మొదలుపెట్టించెను. శామ్యూల్ రసెల్ అను ఇంజనీరు రూపము కల్పించెను. దీని స్థలమును గూర్చి యొక ముచ్చట గలదు. తోట పటమును పెద్ద కాగితముమీద గీయించి చూపగా నిజాం అలీఖాను, తన రాజ్యపటమంత యున్నదని ఒప్పుకొనలేదట. మరల చిన్న కాగితముమీద గీయించి చూపగా వెంటనే ఇచ్చెనట! అడుగు మాట అదేయైనను అడుగు తీరునుబట్టి పని యగునని ఇల్లాండ్రకు వేఱుగ జెప్పనేల?

కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా, హైదరాబాదు ప్రభువంశపు స్త్రీ. ఘోషాలో నుండుటచే మేడ ముందుభాగము నామె చూడజాలదనియు, అందుకే జనానా తోటలో ఈ మేడకే చిన్న నమూనా కట్టించెననియు చెప్పుకొందురు. ఆమె యుండిన రంగమహలును పందొమ్మిదవ శతాబ్దముననే కూల్చివేసిరి. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను జనముతో వచ్చి ఈ రెసిడెన్సీనే ముట్టడించిరి. 1947లో ఆంగ్లేయులు విడిచిపోయిన పిదప, 1924లో నెలకొల్పిన ఆడపిల్లల కళాశాల 1949లో ఇచ్చటికి వచ్చినది. 2022లో అది విశ్వవిద్యాలయమై, తరువాత చాకలి ఐలమ్మ పేరు దాల్చినది. చెదలు పట్టి, పైకప్పు కాఱి, పడిపోవునేమో యనుకొన్న మేడను బాగుచేసి 2023లో తెఱచిరి.

ఇవన్నియు మా అమ్మాయి చెప్పుచుండ అత్తగారు ఒక్క ప్రశ్నయే వేసిరి. "ఆమెకు పిల్లలా?"

ఇద్దఱు. 1805లో నాలుగేండ్ల కొడుకును, మూడేండ్ల కూతురును చదువునకని ఇంగ్లండుకు పంపివేసిరి. ఆ యేడే తండ్రి కలకత్తాలో మరణించెను. తల్లి బిడ్డలను మరల చూడలేదు. 1813లో ఇచ్చటనే కన్నుమూసెను. కూతురు కిట్టీ పెద్దదై, ముప్పదియైదేండ్లు గడచిన పిమ్మట, హైదరాబాదులో నింక బ్రదికియున్న అమ్మమ్మ షరఫున్నీసాకు ఉత్తరము వ్రాసెను. అమ్మమ్మ పారసీలో చెప్పి వ్రాయించెడిది. 1847లో ఆ వృద్ధురాలు చనిపోవువఱకు ఒకరినొకరు చూచుకొన్నది లేదు.

అత్తగారు సింహముప్రక్క మెట్టుమీద గూర్చుండిరి. ఇక పిల్లను పంపవద్దని పట్టుబట్టుటకు మంచి కారణము దొరికెనని మాకు గుండె జల్లుమనెను. అప్పుడే, ఎట్లు నోరువచ్చినదో, మా పాతసంగతి చెప్పివేసితిమి. వారు చాలసేపు మా ముఖమే చూచిరి. "నాకెందుకు చెప్పలే?" అనిరి. కొంతసేపటికి మనుమరాలిని పిలిచి, "ఆ పిల్లకు ఇల్లు రాను తొవ్వ లేకుండె. నీకు బస్సున్నది. పదిహేను దినాలకొకసారి రాకుంటే నేనే వస్త," అని చెప్పిరి.

రుసుము చెల్లించి, అమ్మాయిని హాస్టలులో దింపి, చీకటిపడువేళ బస్సెక్కితిమి. పటాన్‌చెరువు దాటిన పిమ్మట అత్తగారు, "ఆ అమ్మమ్మ ఉత్తరాలు పిల్లకు చేరినయా?" అని యడిగిరి. చేరినవంటిమి. "అయితే ఫోను కలుపు, తిన్నదో లేదో అడుగుత," అనిరి.